పోతూ చూసిన వేగం

తీగల పిన్ని పనిలో ఉన్నంతసేపూ పెదాల మధ్య రెండు మూడు స్క్రూలు పట్టుకుని ఉంటుంది. అందుకని జెట్టీ మీద వాళ్ళకి ఆమె మాటల కంటే మూలుగులే ఎక్కువ పరిచయం. "ఊఁ" అంటే సాయంత్రానికి అయిపోతుంది. "ఊహూఁ" అంటే బ్యాటరీ చచ్చింది, కొత్తది తెచ్చుకో. స్క్రూలు అరచేతిలోకి ఉమ్మేసి మాట్లాడిందంటే మాత్రం ఎదుటివాడేదో పాడుపని చేసి వచ్చాడన్నమాట. ఉప్పునీళ్ళు తగిలే చోట మామూలు ఇనప మేకు కొట్టాడనో, తెగిన తీగలు ముడేసి పైన ఇంత టేపు చుట్టి చేతులు దులుపుకున్నాడనో.

ఆమె షెడ్డు జెట్టీ మొదట్లో, ఐసు గిడ్డంగిని ఆనుకుని ఉంటుంది. గోడ నిండా కొక్కేలు, కొక్కేల నిండా చుట్టలు చుట్టిన ఎర్ర తీగలు, నల్ల తీగలు. బల్ల అంచు పొడుగునా టంకం కాలి పడిన మచ్చలు. కిటికీ నీళ్ళ వైపుకి కావడం వల్ల పైకప్పు మీద రోజంతా వెలుతురు ఊగుతూ ఉంటుంది. అక్కడ కాసేపు కూర్చున్నవాళ్ళకి తామే నీళ్ళ అడుగున ఉన్నామనీ, పడవలు తమ నెత్తి మీంచి పోతున్నాయనీ అనిపిస్తుంది.

ఆ షెడ్డు వాళ్ళ నాన్నది. ఆయన ఇంజన్లు బాగుచేసేవాడు. పోయేనాటికి పంచుకోవడానికి పెద్దగా ఏమీ లేకపోవడంతో అన్నాచెల్లెళ్ళకి గొడవ రాలేదు. పాత పడవ అన్నయ్యకి, పనిముట్లు ఆమెకి. అన్నయ్య సముద్రం మీదికి వెళ్ళాడు, ఆమె ఒడ్డున ఉండిపోయింది. పెళ్ళి ఎందుకు చేసుకోలేదని ఎవరైనా అడిగితే, "ప్లస్సు ఏదో మైనస్సు ఏదో తెలిసినవాడు ఒక్కడూ రాలేదు" అని నవ్వేస్తుంది. మధ్యాహ్నం భోజనం మాత్రం అన్నయ్య ఇంట్లోనే. వదిన వడ్డిస్తూ ఊరి సంగతులన్నీ చెబుతుంది. ఆమెకి ఊరు తెలిసేది ఆ కంచం ముందే.

అన్నయ్యది గాలాల వేట. నెమ్మదిగా నడిచే పడవ వెనక గాలాలు లాక్కుంటూ పోతాడు. ట్రోలింగ్ అంటారు దాన్ని. పెద్ద చేపలు నీళ్ళ పైపైన తిరగవు. ఎండకి పైనీరు వెచ్చబడ్డ కొద్దీ అవి కిందికి, తమకి నచ్చిన చల్లదనం దగ్గరికి దిగిపోతాయి. అందుకని సన్నటి ఉక్కు తీగకి సీసపు గుండు కట్టి, గాలపుతాడుని దానికి తగిలించి, ఎరని ఆ చల్లటి పొర దాకా దించాలి. ఎర అంటే మెరిసే రేకుముక్క. నీరు దాని మీంచి సరైన వేగంతో పారితేనే అది బతికున్న చేపపిల్లలా కొట్టుకుంటుంది. నెమ్మదైతే ఎండుటాకులా వేలాడుతుంది. ఎక్కువైతే గిరగిరా తిరిగి చేపని బెదరగొడుతుంది. చిక్కల్లా పైన పడవ వేగం ఒకటి, కింద ఎరకి తగిలే నీటి వేగం ఇంకొకటి కావడం. సముద్రంలో నీరు ఒకదాని మీద ఒకటి పరిచిన దుప్పట్లలా ఉంటుంది. ఒక్కో దుప్పటిని కనబడని చెయ్యేదో ఒక్కో వైపుకి లాగుతూ ఉంటుంది.

అన్నయ్య అదంతా కంటితోనే పట్టేవాడు. పడవ అంచున నిలబెట్టిన గాలపు రాడ్డు మొన ఎలా వణుకుతోందో, ఉక్కు తీగ నీళ్ళలోకి ఎంత ఏటవాలుగా దిగుతోందో చూసి ఇంజను వేగం పెంచేవాడు, తగ్గించేవాడు. బాగానే పట్టేవాడు. అప్పుడప్పుడూ తప్పేవాడు కూడా. తప్పిన రోజు ఇంటికొచ్చి, "ఇవాళ కింద నీరు నాతో పరాచికాలాడింది" అనేవాడు.

సెన్సర్ పెడదామని పట్టుబట్టింది చెల్లెలే. దోసకాయంత నల్లటి పరికరం. దాన్ని గుండుకి కాస్త పైన తగిలించి నీళ్ళలోకి దించుతారు. దాని కడుపులో చిన్న చక్రం, నీరు తగిలితే తిరుగుతుంది. పక్కనే చలీ వేడీ చూసే మొన. అడుగున తనకి తెలిసినదాన్ని అది శబ్దంగా చేసి పైకి పంపుతుంది. పడవ వెనక పలకకి, నీళ్ళలో మునిగేలా బిగించిన ఇంకో ముక్క చెవిలా దాన్ని వింటుంది. స్టీరింగు పక్కనున్న మీటరు ఆ విన్నదాన్ని అంకెలుగా చూపిస్తుంది.

"నాకు రాడ్డు మొన చూస్తే తెలుస్తుంది కదే బుజ్జీ," అన్నాడు అన్నయ్య.

"పైన రాడ్డు చూసి కింద సంగతి ఎన్నాళ్ళు ఊహిస్తావు? కింది నీరు పరాచికాలాడిందని వదిన దగ్గర ఏడవడం తప్పుతుంది."

"ఆవిడ దగ్గర ఏడవకపోతే ఇంకెవరి దగ్గర ఏడవను?"

"పెట్టనీ అన్నయ్యా. నా చేత్తో పెడతాను."

చెల్లెలు తన చేత్తో పెడతానంటే అతను కాదనలేడు. ఆ సంగతి ఆమెకి తెలుసు.

బిగించడం మాత్రం చూడముచ్చటగా బిగించింది. పడవని తోసే ఫ్యాను రేపే నురగ తగిలితే చెవి ముక్కకి వినబడదు కాబట్టి దాన్ని ఫ్యానుకి దూరంగా, కుడి అంచున పెట్టింది. ప్రతి స్క్రూ రంధ్రంలోనూ నీరు చొరకుండా సీలెంటు కూరింది. తీగని నీటిమట్టానికి పైనుంచి లోపలికి తెచ్చి, మీటరు పెట్టెలోకి పోయే ముందు కాస్త కిందికి వేలాడేలా వదిలింది. తీగ వెంట జారే నీటిబొట్టు ఆ వంపు దగ్గర రాలిపోవాలని. వేలితో సీలెంటు అంచులు నునుపు చేస్తుంటే అన్నయ్య పక్కన గొంతుక్కూర్చుని చూశాడు. "నాన్న చెయ్యి," అన్నాడు.

ఇక వేగం సరిచూడటం మిగిలింది. నాన్న నేర్పిన పద్ధతి ఒకటుంది. ఒకసారి పోతూ చూడాలి. అదే దారిన ఒకసారి వస్తూ చూడాలి. రెండూ కలిపి సగం చెయ్యాలి. పోయేటప్పుడు నీరు వెనక నుంచి తోస్తే, వచ్చేటప్పుడు అదే నీరు ఎదురొస్తుంది. సగం చేస్తే నీటి పాపం పోయి పడవ సంగతి మిగులుతుంది. వాళ్ళ ఊళ్ళో ఇది మరీ ముఖ్యం. జెట్టీ దాటగానే ఏరు సముద్రంలో కలిసే మొగ వస్తుంది. ఆటు సమయంలో అక్కడ నీరంతా సముద్రం వైపు పరిగెడుతూ ఉంటుంది.

ఆ రోజు ఆటే. సెన్సర్‌ని బారెడు లోతున వదిలి మొగలోంచి బయటికి పోతున్నారు. ఫోను ఒడ్డుతో పోలిస్తే పడవ ఎంత జరిగిందో లెక్కగట్టి గంటకి మూడున్నర మైళ్ళ వేగం అంటోంది. మీటరు రెండున్నర అంటోంది. ఆమె బొత్తాలు నొక్కి మీటరుని కూడా మూడున్నరకి తెచ్చింది. సరిగ్గా అప్పుడే ఫోను మోగింది. బంగారప్పన్ను. జెట్టీలో అన్నిటికంటే పెద్ద పడవ అతనిది. నవ్వితే ఎండలో పన్ను ముందు మెరుస్తుంది, నవ్వు తర్వాత వస్తుంది. తన పడవకి కూడా సెన్సర్లు పెట్టించుకుంటాడట. అతను పెట్టించుకుంటే మిగతావాళ్ళందరూ పెట్టించుకుంటారు.

అన్నయ్య పడవ తిప్పాడు. "వచ్చేటప్పుడు కూడా చూడవా?"

ఆమె ఫోను మీద చెయ్యి అడ్డం పెట్టింది. "అక్కర్లేదు, బాగా కూర్చుంది. ఇకనుంచి నీ కళ్ళకి సెలవిచ్చెయ్ అన్నయ్యా."

తిరుగు దారి ఎంతసేపు గనక? ఒక కప్పు టీ చల్లారేంత సేపు. అంతసేపూ ఆమె ఫోనులో బంగారప్పన్నుతో నవ్వుతూ మాట్లాడింది.

మొదట్లో గర్వంగానే తిరిగింది. చలి చూపే అంకె నిక్కచ్చిగా పనిచేసింది. అన్నయ్య చల్లటి పొరని ఇట్టే పట్టేస్తున్నాడు. "పైన చెమటలు పోస్తుంటే కింద ఇంత చలా!" అని చిన్నపిల్లాడిలా ఆశ్చర్యపోయాడు. కానీ చేపలు పడటం తగ్గింది. ఒకరోజు తగ్గితే సముద్రం అనుకోవచ్చు. పక్క పడవల పెట్టెలు నిండుతుంటే తన పెట్టెలో ఐసు ఐసుగానే కరిగి తిరిగి రావడం మొదలయ్యాక, ఏమనుకోవాలో అతనికి తెలియలేదు.

ఒక మధ్యాహ్నం ఆమె భోజనానికి వెళ్ళేసరికి వదిన ఉల్లిపాయలు తరుగుతూ కళ్ళు తుడుచుకుంటోంది.

"ఏమైంది వదినా?"

"సగం ఉల్లిపాయ, సగం మీ అన్నయ్య. ఏది ఏదో నువ్వే తేల్చుకో." వదిన ముక్కు ఎగబీల్చింది. "కళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్ళొచ్చాడే. దగ్గర చూపుకి చిన్న జోడు చాలు, దూరం చూపు కుర్రాడికి ఉన్నట్టుంది అన్నాడట. ఈయన నమ్మితేగా! ఆ డాక్టరుకేం తెలుసు, రాడ్డు మొన ఎప్పుడైనా చూశాడా అంటాడు. జోడు పెట్టుకుని ఇంటికొచ్చి నన్ను చూసి గుమ్మంలోనే ఆగిపోయాడు. ఇన్నేళ్ళకి సరిగ్గా కనబడ్డానేమో, పాపం, జడుసుకున్నాడు."

"వినబడుతోంది," అన్నాడు అన్నయ్య పక్కగదిలోంచి.

"పోన్లే, చెవులైనా బాగున్నాయి."

అతను వచ్చి చెల్లెలి పక్కన కూర్చున్నాడు. అన్నం కలుపుతూ గొంతు తగ్గించి అన్నాడు: "రెండున్నర దగ్గర పెట్టే నడుపుతున్నా బుజ్జీ. కానీ నా కంటికి రాడ్డు మొన నిద్రపోతున్నట్టే ఉంటుంది. చెయ్యేమో ఇంకాస్త పెంచమంటుంది. మీటరేమో సరిపోయిందంటుంది."

"పెంచి చూడలేదా?"

"పెంచితే మీటరు మూడు దాటిపోతోంది. ఎర తిరగబడుతుందిగా. నీ మీటరు తప్పు చెప్పదు. నువ్వు పెట్టావు."

ఆమె మజ్జిగ పోసుకుంటూ, తేలిగ్గా, ఏమాత్రం ఆలోచించకుండా అంది: "వయసన్నాక కంటికి కొంచెం తేడా వస్తుందిలే. మీటరునే నమ్ము అన్నయ్యా."

అతను తల ఊపాడు. కళ్ళజోడు తీసి పంచె చెంగుతో తుడిచి మళ్ళీ పెట్టుకున్నాడు.

బంగారప్పన్ను పడవకి రంగులు వేయించే పని తెమిలేసరికి చాలా రోజులు పట్టింది. అదయ్యాక ఆమెకి కబురొచ్చింది. పెద్ద పడవ, పదిమంది చూసే పని. ఏ లోపమూ రాకూడదని ఆమె అన్నీ పద్ధతి ప్రకారం చేసింది. ఆ రోజు కూడా ఆటే. మొగలోంచి బయటికి పోతూ చూసింది. ఫోను మూడున్నర, మీటరు రెండున్నర. ఎక్కడో చూసిన అంకెల్లా ఉన్నాయనుకుంది. ఇంకా ఏమీ ముట్టుకోలేదు. పడవ తిరిగింది.

ఫోను ఒకటిన్నర. మీటరు రెండున్నర.

ఫోను చూపిన రెండూ కలిపి సగం చేస్తే రెండున్నర. మీటరు కొన్నది కొన్నట్టే సరిగ్గా ఉంది, ఆ రోజు అన్నయ్యది ఉన్నట్టే. ఏమీ ముట్టుకోనక్కర్లేదు. మొగలో నీటి తోపుడుని తీసుకెళ్ళి అన్నయ్య మీటరులో శాశ్వతంగా కలిపేసింది తను. అతని మీటరు రెండున్నర అన్నప్పుడల్లా కింద ఎర రెండుకి కూడా చేరకుండా ఎండుటాకులా వేలాడుతోంది. చేపలు వచ్చి, చూసి, పోతున్నాయి. రాడ్డు మొన నిజంగానే నిద్రపోతోంది. అతను ఉన్నదే చూశాడు.

ఆమె వేళ్ళు మీటరు అంచుని పట్టుకుని ఉన్నాయి.

"ఏంటి పిన్నీ, తేడా ఏమన్నా ఉందా?" బంగారప్పన్ను అడిగాడు.

"లేదు. మీది బాగుంది."

"బాగుండాలి మరి! ఇకనుంచి రెండు పడవలు చూసుకోవాలి. మీ అన్నయ్య పడవ కూడా నాకే వస్తోందిగా. చెప్పలేదా నీకు? కళ్ళు ఆనట్లేదట. ఐసు గిడ్డంగిలో కాపలా పని చూసుకున్నాడు. సెలవు రోజు చూసి అప్పగిస్తానన్నాడు." పన్ను మెరిసింది. "మంచి పడవ. మంచి మనిషి కూడాను. ఏం చేస్తాం, వయసు."

ఆ మధ్యాహ్నం ఆమె భోజనానికి వెళ్ళలేదు. వదిన రెండుసార్లు ఫోను చేస్తే, పని ఉందంది. షెడ్డులో బల్ల ముందు కూర్చుని, పైకప్పు మీద ఊగే వెలుతురు చూసింది. చెప్పేస్తే పోయేదానికి చెప్పలేకపోయింది. "నాన్న చెయ్యి" అన్నప్పటి అతని ముఖం గుర్తొచ్చింది. ఆ ముఖం తన వైపు ఇంకెప్పుడూ అలా చూడదేమోనని భయమేసింది. చెప్పకుండానే సరిచేస్తే? రేపు చేపలు పడతాయి. పడితే పడవ ఎందుకిస్తాడు? ఎవరికీ ఏమీ తెలియక్కర్లేదు. తప్పు ఎలా దొంగలా వచ్చిందో అలాగే దొంగలా పోతుంది.

ఎండ దిగకముందే అన్నయ్య పడవెక్కింది. పక్క పడవలో వలలు బాగుచేస్తున్న ముసలాయన పలకరిస్తే, "చక్రానికి నాచు పట్టిందేమో చూద్దామని" అంది. నాచేమీ లేదు. బొత్తాలు నొక్కి పాత లెక్క చెరిపేసింది. అంత చిన్న పని. దిగేటప్పుడు పడవ అంచు మీద చెయ్యి వేసింది, ఎవరో నిద్రపోతున్న మనిషి భుజం మీద వేసినట్టు.

మర్నాడు అన్నయ్య పడవ బరువుగా, నీళ్ళలోకి దిగబడి వచ్చింది. పెట్టె మూత మూతపడటం లేదు. జెట్టీ మీద జనం మూగారు. ఆమె పక్కనే ఒక పడవ దీపం బిగిస్తోంది, నోట్లో స్క్రూలు ఉన్నాయి. చేపలు చూడగానే ఊపిరి వదిలింది.

అన్నయ్య ఆమె దగ్గరికొచ్చి తాళ్ళ కట్ట మీద కూర్చున్నాడు. జోడు తీసి ముక్కు పక్కన పడిన గుంటలు రుద్దుకున్నాడు.

"సముద్రం మంచిగా సాగనంపుతోంది బుజ్జీ. ఎల్లుండి పడవ ఇచ్చేస్తున్నా. నీకు నేనే చెబుదామనుకున్నా, నోరు రాలేదు."

ఆమె పెట్టె వైపు చెయ్యి చూపించింది, ఇన్ని పడ్డాయిగా అన్నట్టు.

"పడ్డాయి. అదే నాకు భయమేసింది. ఇవాళ రాడ్డు మొన బ్రహ్మాండంగా ఊగినట్టు కనిపించింది. మీటరు చూస్తే ఎప్పటి రెండున్నరే. అదే అంకె, అదే రాడ్డు. నిన్నటిదాకా నిద్రపోయినట్టు కనిపించింది, ఇవాళ ఊగినట్టు కనిపించింది. మీటరు మారలేదు కదా. అంటే మారుతున్నవి నా కళ్ళే. ఒకరోజు ఒకలాగ, ఒకరోజు ఒకలాగ. ఇలాంటి కళ్ళేసుకుని ఒంటరిగా మొగ దాటి ఏ పడవకో గుద్దుకుంటే? మీ వదిన ఏమైపోవాలి? నేను చేస్తున్నది సరైనదే కదూ?"

నోట్లో స్క్రూలున్నాయి. ఉమ్మేసి చెప్పాలి. చుట్టూ జనం ఉన్నారు.

"ఊఁ," అంది.

అతను ఆమె తల మీద చెయ్యి వేసి లేచి వెళ్ళాడు. అతను వెళ్ళిపోయాక కూడా ఆ చెయ్యి బరువు పోలేదు.

పొద్దున్నే ఆమె పడవ దగ్గరికి వెళ్ళింది. అన్నయ్య ప్యాంటు మోకాళ్ళ దాకా మడుచుకుని, పొడుగు బ్రష్షుతో పడవ కడుగుతున్నాడు. ఇంకొకరికి ఇచ్చేటప్పుడు మాసిన పడవ ఇవ్వకూడదట. అంచు కింద ఏళ్ళ తరబడి పేరుకున్న పొలుసుల్ని గోటితో గీరుతున్నాడు.

"అన్నయ్యా, నీ కళ్ళు బాగానే ఉన్నాయి."

"డాక్టరు కూడా అదే అంటాడు."

"మీటరు తప్పు. నేను తప్పుగా పెట్టాను." ఒకసారి మొదలయ్యాక మాటలు ఆగలేదు. పోతూ చూసింది, వస్తూ చూడలేదు. మొగ నీరు తోస్తోందని మర్చిపోయింది. అతను అడిగితే అక్కర్లేదంది. బంగారప్పన్ను పడవ మీద తెలిసింది. మొన్న సాయంత్రం వచ్చి సరిచేసింది. "నిద్రపోతున్న రాడ్డుని నువ్వు నిద్రపోతున్నట్టే చూశావు. నిన్న ఊగింది. ఊగుతున్నట్టే చూశావు."

బ్రష్షు ఆగింది. నీళ్ళు బ్రష్షు కుచ్చులోంచి చుక్కచుక్కగా కారుతున్నాయి.

"నిన్న నేను చేపలు దించేటప్పటికి నీకు తెలుసా?"

"తెలుసు."

"నా కళ్ళ గురించి నేను చెబుతుంటే విన్నావు."

"విన్నాను."

"నేను చేస్తున్నది సరైనదే కదూ అని అడిగాను. ఊఁ అన్నావు."

"అన్నాను."

"చేపలు పడకపోతే నాకు బాధ లేదే," అన్నాడు అతను. గొంతు పెంచలేదు. పెంచితే బాగుండుననిపించింది ఆమెకి. "ఇన్నాళ్ళూ మీ వదినకి ఎదురుగా కూర్చుని అన్నం తింటూ, ఆవిడ ముఖం కూడా నాకు సరిగ్గా కనబడుతోందో లేదో అని అనుమానపడ్డాను. మెట్టు దిగాలంటే అనుమానం. ఎదురుగా వచ్చేవాడిని పలకరించాలంటే అనుమానం. అదంతా ఎవరు సరిచేస్తారు? దానికి బొత్తాలున్నాయా?"

అతను మళ్ళీ కడగడం మొదలుపెట్టాడు. కడిగిన చోటే కడిగాడు. చివరికి బ్రష్షు బకెట్లో పడేశాడు.

"తాడు విప్పు."

మొగ దాటాక ఒకసారి పోతూ, ఒకసారి వస్తూ మీటరు చూడమన్నాడు. చూసింది. సరిగ్గా ఉంది. అప్పుడు రాడ్డు నిలబెట్టి, గుండు దించి, ఆమెని స్టీరింగు దగ్గర కూర్చోమన్నాడు. తను మీటరుకి వీపు పెట్టి పడవ వెనక కూర్చున్నాడు. జోడు తీసి జేబులో పెట్టుకున్నాడు.

"నీ ఇష్టమొచ్చినట్టు పెంచు, తగ్గించు. నేను చెబుతాను. నువ్వు అంకె చదువు. ఉన్నది చదువు."

ఆమె వేగం కొంచెం తగ్గించింది. అతను రాడ్డు మొన వైపు చూస్తూ ఉన్నాడు. గాలికి చొక్కా వీపున ఉబ్బుతోంది.

"రెండు."

"రెండు పాయింటు ఒకటి."

పెంచింది.

"మూడు. కాస్త తక్కువ."

"రెండు పాయింటు తొమ్మిది."

"రెండున్నర."

"రెండు పాయింటు అయిదు."

ఇంకోసారి. ఇంకోసారి. ప్రతి అంకె తర్వాతా అతని వీపు కొంచెం నిటారవుతున్నట్టు ఆమెకి కనిపించింది. మబ్బు నీడ ఒకటి నీళ్ళ మీద నుంచి మెల్లగా జరిగి పడవని దాటిపోయింది. ఆమె మళ్ళీ తగ్గించింది.

అతను చాలాసేపు చూశాడు. "రెండుం ముప్పావు," అన్నాడు నమ్మకంగా.

మీటరు మీద రెండు పాయింటు రెండు ఉంది. కింద ఏ నీరో ఏ వైపుకో తిరిగింది.

ఇప్పుడు అవునంటే చాలు. అతని వీపు అలాగే నిటారుగా ఉంటుంది. పడవ నిలుస్తుంది. వదిన నవ్వుతుంది. చిన్న అంకె, ఎవరూ చూడటం లేదు. ఆమె పెదాలు ఆ అబద్ధం ఆకారంలోకి తిరిగాయి కూడా.

"రెండు పాయింటు రెండు," అంది.

అతను కదల్లేదు. "మళ్ళీ చదువు."

"రెండు పాయింటు రెండు, అన్నయ్యా. తప్పావు."

తర్వాత అతని భుజాలు కదిలాయి. ఏడుస్తున్నాడేమోనని ఆమె స్టీరింగు వదిలి లేవబోయింది. నవ్వుతున్నాడు.

"అయితే పూర్తి గుడ్డివాణ్ణి కాదన్నమాట. కొంచెమే." అతను చేత్తో ముఖం తుడుచుకున్నాడు. "కింద నీరు పరాచికాలాడింది."

ఆ తప్పిన అంకె విన్నాకే, అంతకుముందు సరిపోయినవాటిని కూడా అతను నమ్మినట్టున్నాడు. ఆ తర్వాత వెనక్కి తిరిగి మీటరు వైపు ఒక్కసారి చూశాడు. ఆమె వైపు చూడలేదు.

జెట్టీ మీద బంగారప్పన్ను ఎదురుచూస్తున్నాడు. వలలు బాగుచేసే ముసలాయన, ఇంకో నలుగురైదుగురు కూడా ఉన్నారు.

"ఏంటి గురూ, అప్పగించే ముందు ఆఖరి షికారా?"

అన్నయ్య తాడు విసిరాడు. "ముందు అది పట్టుకో. అంతకంటే ఇంకేం పట్టుకోకు. పడవ ఇవ్వట్లేదు."

"అదేంటి! మాటిచ్చావుగా. కళ్ళు ఆనట్లేదన్నావుగా."

అన్నయ్య తాడు ముడి చూసుకుంటూ వంగి ఉండిపోయాడు. ఆ జవాబు ఎవరు చెప్పాలో ఆమెకి తెలిసింది.

"ఆయన కళ్ళకి ఏమీ కాలేదు. మీటరు నేను తప్పుగా పెట్టాను. ఇన్నాళ్ళూ తప్పు అంకె చూపించింది."

ముసలాయన వలలోంచి తలెత్తాడు. బంగారప్పన్ను కంగారుగా తన పడవ వైపు చూశాడు. "మరి నాది?"

"మీది పోతూ ఒకసారి, వస్తూ ఒకసారి చూశాను. సరిగ్గా ఉంది."

"భలేదానివే పిన్నీ! పరాయివాళ్ళకి రెండుసార్లు చూసి, సొంత అన్నకి ఒక్కసారితో సరిపెట్టావా?"

జనం గొల్లున నవ్వారు. అతను చెడుగా అనలేదు, నవ్వించడానికే అన్నాడు. ముసలాయన కూడా నవ్వాడు. ఆమె నవ్వలేకపోయింది. అన్నయ్య కూడా నవ్వలేదు. ముడి బిగించి, పెట్టె భుజానికెత్తుకుని మెట్లెక్కాడు. రెండేసి మెట్లు ఎక్కాడు, చూసుకోకుండా. పైకి చేరాక ఆగాడు.

"రేపు దూరం పోవాలి. పొద్దున్నే రా, అంకెలు చదవాలి."

"వస్తాను అన్నయ్యా. అన్నానికి రానా ఇవాళ?"

అతను పెట్టెని ఆ భుజం మీంచి ఈ భుజం మీదికి మార్చుకున్నాడు.

"మీ వదినకి నువ్వే చెప్పుకోవాలి. నేను చెప్పను," అని వీధిలోకి నడిచాడు.

ఆమె సెన్సర్‌ని తీగ నుంచి విప్పి కొళాయి కింద పెట్టింది. ఉప్పు పోయేదాకా కడిగింది. వదినకి ఏ మాటతో మొదలుపెట్టాలో ఆలోచించుకుంటూ చేతులు తుడుచుకుంది. షెడ్డుకి తాళం వేసి, ఎండలో, అన్నయ్య వెళ్ళిన దారినే బయల్దేరింది.